పడవలో వెనక బల్ల

మా ఊరి రేవు పడవలో ఇప్పుడు ఎవరు ఎక్కడైనా కూర్చోవచ్చు. ఇందులో గొప్పేముంది, పడవన్నాక ఖాళీ ఉన్నచోట కూర్చుంటారు కదా అని మీరనుకుంటే, మీరు మా రేవులో ఎప్పుడూ పడవెక్కలేదన్నమాట. ఆ ఒక్క మాటని కాగితం మీదికి ఎక్కించి, ఊరందరి ముందూ చదివించి, ఏటి మధ్యలో అమలు చేయించిన ఘనత మా పంచాయతీది. అంటే నాది. నాకు అణకువ తక్కువని మా ఆయన అంటూ ఉంటారు. ఈ విషయంలో మాత్రం ఆ మాట నిజమే, ఒప్పుకుంటాను.

నేను మా పంచాయతీకి సర్పంచిని. మా వైపు సర్పంచి అనరు, ప్రెసిడెంటు అంటారు. నా వృత్తి మాత్రం అప్పుడూ ఇప్పుడూ కుట్టుపనే. మా ఊళ్ళో సగం మంది ఆడపిల్లల యూనిఫారాలు నా మిషను మీద కుట్టినవే. ఎన్నికల్లో నిలబడాలని ముచ్చటపడింది మా ఆయన. తీరా నోటిఫికేషన్ వచ్చేసరికి మా పంచాయతీ మహిళలకి రిజర్వయింది. ఆయన దిగులు ఒక్క పూటే. సాయంత్రానికల్లా నన్ను ఫోటో స్టూడియోకి తీసుకెళ్ళి, పోస్టరు వేయించేశారు. పోస్టర్లో నా పక్కన ఆయన ఫోటో కూడా ఉంది, నాదానికంటే కాస్త పెద్దదే. గెలిచాక పంచాయతీ ఆఫీసులో పెద్ద కుర్చీలో ఆయన కూర్చునేవారు, పక్కన ప్లాస్టిక్ కుర్చీలో నేను. ఊరంతా ఆయన్ని ప్రెసిడెంటు గారూ అని పిలిచేవారు. నన్ను మాత్రం మునుపటిలాగే టైలరమ్మ గారూ అనేవారు. నాకు ఒళ్ళు మండేది గానీ, ఇంటి సంగతి వీధిలో ఎందుకని ఊరుకునేదాన్ని.

మా పంచాయతీ రెండు ముక్కలు. ఏటిగట్టు పక్కన మా ఊరు, గోదావరి వశిష్ఠ పాయలో అవతల లంక. లంకలో చిన్న బడే ఉంది. హైస్కూలు చదవాలంటే పిల్లలు రోజూ ఇంజను పడవలో మా ఒడ్డుకి రావాలి. పొద్దున్న మొదటి పడవలో బడిపిల్లలూ, పాలకొల్లు వెళ్ళే ఉద్యోగస్తులూ, చేపల తట్టలతో ఆడవాళ్ళూ అందరూ కలిసే వస్తారు. ఆ రేవుని మా పంచాయతీ ఏటా వేలం వేస్తుంది. దాన్ని రేవు పాట అంటారు. పాట దక్కించుకున్న మనిషి ఏడాదిపాటు పంచాయతీ పడవ తిప్పుకుంటాడు. చాలా ఏళ్ళుగా ఆ పాట ఒక్కాయనకే దక్కుతూ వచ్చింది. ఊళ్ళో పాటదారు గారంటే ఆయనే, వేరే పేరు చెప్పక్కర్లేదు.

ఆ రోజు నేను రేవుకి వెళ్ళింది గుర్రపుడెక్క చూడటానికి. అది మెట్ల దాకా అల్లుకుపోయి పడవ ఒడ్డుకి ఆనడం లేదని ఫిర్యాదు వచ్చింది. బడి గంట కొట్టి చాలాసేపయింది. టిక్కెట్ల పాక నీడలో యూనిఫారంలో ఒక పిల్ల ఒంటరిగా కూర్చుని ఉంది. కుట్టు చూడగానే గుర్తుపట్టాను, నేను కుట్టిందే. తొమ్మిదో క్లాసు పిల్ల, లంకలో చేపలమ్ముకునే ఆవిడ కూతురు. దగ్గరికి వెళ్ళేసరికి గుప్పున సెంటు వాసన, కళ్ళు మండేంత.

"ఏమ్మా, బడి ఎగ్గొట్టి ఏ పెళ్ళికి బయల్దేరావు?" అన్నాను నవ్వుతూ.

ఆ పిల్ల ఒక్కసారిగా ఏడ్చేసింది. వెక్కిళ్ళ మధ్య ముక్కలు ముక్కలుగా చెప్పింది. మా పడవలో చివర ఇంజను పక్కన ఒక బల్ల ఉంటుంది. చేపల తట్టలూ, ఆ తట్టల తాలూకు ఆడవాళ్ళూ, వాళ్ళ పిల్లలూ కూర్చునేది అక్కడే. ఎవరు పెట్టారో తెలీదు, మా అత్తగారి కాలం నుంచీ అదే పద్ధతి. ఈ పిల్ల తొమ్మిదిలోకి వచ్చాక తన క్లాసు వాళ్ళతో పాటు ముందు బల్ల మీద కూర్చోవాలనుకుంది. కూర్చున్న ప్రతిసారీ పక్కవాళ్ళు ముక్కు మూసుకుని జరిగిపోయేవారు. "మెత్తళ్ళు వచ్చిందిరోయ్" అనేవారు. మెత్తళ్ళంటే మేం ఎండబెట్టుకునే చిన్న చేపలు. ఆ పేరు పడవ దిగి బడిలోకి కూడా వచ్చింది, భోజనాల వరసలోకీ వచ్చింది. ఆ పొద్దున్న ఒక కుర్రాడు సెంటు డబ్బా తెచ్చి పిల్ల జడ మీదా, సంచి మీదా మొత్తం కొట్టేశాడు. ఇంకో అమ్మాయి ఫోన్లో వీడియో తీసింది. పడవ ఒడ్డుకి ఆనేలోపే అది వాట్సాప్ స్టేటస్‌లో ఎక్కిపోయింది. మిగతా పిల్లలు దిగి బడికి పోయారు. తల్లి తట్టతో పాలకొల్లు ఆటో ఎక్కేసింది. ఈ పిల్ల ఇటు బడికి పోలేక, అటు ఇంటికి పోలేక ఆ పాకలో ఉండిపోయింది.

నేను దాన్ని ఇంటికి తీసుకెళ్ళి తలంటు పోయించాను, కొట్లో కొత్తగా కుట్టి పెట్టిన యూనిఫారం ఒకటి తొడిగించాను, అన్నం పెట్టాను. తింటున్నంతసేపూ తల ఎత్తలేదు.  ఆ మధ్యాహ్నమే హైస్కూలుకి వెళ్ళాను.

హెడ్మాస్టారు మంచి మనిషి. సంగతి విని ఆయన మొహం నల్లబడింది. వీడియో తీసిన అమ్మాయినీ, సెంటు కొట్టిన కుర్రాణ్ణీ పిలిపించి, వీడియో నా కళ్ళముందే తీసేయించారు. తల్లిదండ్రుల్ని రమ్మని కబురు పెట్టారు. అప్పటికీ ఆయన మొహంలో తేటదనం రాలేదు.

"ఇంతకుముందు కూడా మందలించానండి. బడిలో నాలుగు రోజులు అణిగి ఉంటారు, మళ్ళీ పడవలో మొదలు. గేటు లోపల ఏదైనా చెప్పండి, చూసుకుంటాను. పడవలో జరిగేదానికి నేనేం చెయ్యగలనండీ? నా చెయ్యి గేటు దాకానే" అన్నారు.

నాకు ముందు కోపం వచ్చింది. బయటికి వచ్చి గేటు దగ్గర నిలబడ్డాక ఆలోచన వచ్చింది. ఈ గేటు ముందున్న రోడ్డు పంచాయతీది. రోడ్డు చివర రేవు పంచాయతీది. రేవులో తిరిగే పడవ పంచాయతీ పాటది. ఆయన చెయ్యి అందనిచోట అందాల్సిన చెయ్యి నాదే కదా! వెనక్కి వెళ్ళి ఆ మాటే ఆయనతో చెప్పాను. "గేటు లోపల మీరు, గేటు బయట నేను" అన్నాను. ఆయన లేచి నిలబడి నమస్కారం పెట్టారు. సర్పంచిగా నేను అందుకున్న మొదటి అసలైన నమస్కారం అదే.

ఆ సంతోషంలో ఇంటికెళ్ళి జరిగిందంతా మా ఆయనకి చెప్పాను. అదే కొంప ముంచింది.

మా ఆయనకి మైకంటే ప్రాణం. ఆదివారం మా చర్చిలో ప్రకటనలు చదివేది ఆయనే. పాస్టరుగారి ప్రసంగం కంటే ఆయన ప్రకటనలే పొడుగని పిల్లలు నవ్వుకుంటారు. పంచాయతీ చెత్తబండికి మైకు ఉంది, వీధి వీధికీ తిరుగుతూ తడి చెత్త, పొడి చెత్త వేరు చెయ్యమని పాట వేస్తుంది. నాతో ఒక్క మాటైనా అనకుండా ఆయన రాత్రికి రాత్రే గొంతు సవరించుకుని ఫోన్లో ఒక ప్రకటన రికార్డు చేసి బండివాడికి ఇచ్చేశారు. పొద్దున్న నేను కాఫీ కలుపుతుంటే వీధిలోంచి మా ఆయన గొంతు వినపడింది. "గ్రామ విద్యార్థినీ విద్యార్థులకు ప్రెసిడెంటు గారి విజ్ఞప్తి! రేవు పడవలో చేపలు అమ్ముకునేవారి అమ్మాయిని ముక్కు మూసుకుని అవమానించరాదు! మెత్తళ్ళు అని పిలవరాదు! అతిక్రమించినవారిపై కఠిన చర్యలు తీసుకోబడును!" ఆ వెంటనే తడి చెత్త పొడి చెత్త పాట.

గిన్నె పొయ్యి మీదే వదిలేసి పరిగెత్తాను గానీ బండి అప్పటికే సగం ఊరు తిరిగేసింది. తెలియనివాళ్ళకి కూడా ఆ పేరు తెలిసిపోయింది. మధ్యాహ్నానికి చిన్న పిల్లలు సైతం మా ఆయన గొంతుని అనుకరిస్తూ "మెత్తళ్ళు అని పిలవరాదు" అని వీధుల్లో అరుస్తున్నారు. ఆయన మాత్రం గుమ్మంలో నిలబడి, చూశావా ఎంత ప్రచారమో అన్నట్టు నావైపు చూశారు. నేను ఏమన్నానో ఇక్కడ రాయను.

మర్నాడు ఆ పిల్ల తల్లి పంచాయతీ ఆఫీసుకి వచ్చింది. తట్ట గుమ్మం బయట దించి, కొంగు బిగించి లోపలికొచ్చింది.

"నా కూతురి సంగతి చెత్తబండిలో పెట్టి ఊరంతా తిప్పుతారాండీ? పడవలో వాళ్ళు పది మంది ముందు ఏడిపించారు, మీరు ఊరందరి ముందూ ఏడిపించారు. ఇంక నా పిల్ల బడికి రాదండి. దానికి మొహం చెల్లట్లేదు. రేపట్నుంచి రొయ్యలు ఒలిచే షెడ్డులో పనికి పెడతాను. పనిలో ఎవరూ ముక్కు మూసుకోరు" అంది.

పెద్ద కుర్చీలో మా ఆయన రిజిస్టరు పేజీలు తిప్పడం మొదలెట్టారు. నేను లేచి ఆవిడ దగ్గరికి వెళ్ళాను. తప్పయిందమ్మా అన్నాను. పిల్ల చదువు మాన్పించొద్దని బతిమాలాను. తరగతిలో అది లెక్కల్లో ఫస్టని హెడ్మాస్టారు చెప్పిన మాట కూడా చెప్పాను. ఆవిడకి ఆ సంగతి తెలుసు, అందుకే ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"రేవు పాట దగ్గరికొచ్చింది. అప్పటిదాకా దాన్ని షెడ్డుకి పంపకు. పాట అయ్యాక కూడా ఏం మారకపోతే నీ ఇష్టం" అన్నాను.

"పాటకీ బడికీ ఏంటండీ సంబంధం?"

"అదే చూస్తాను" అన్నాను. నిజానికి అప్పటికి నాకూ సరిగ్గా తెలీదు.

తెలుసుకోవడానికి మర్నాడు పొద్దున్నే, ఖాళీగా అటు వెళ్ళే పడవలో లంకకి వెళ్ళి, అక్కణ్ణుంచి మొదటి పడవలో ఇటు వచ్చాను. చర్చికి కట్టుకునే మంచి చీర కట్టుకుని, వెనక బల్ల మీద తట్టల పక్కన కూర్చున్నాను. చేపలమ్మే ఆడవాళ్ళు వద్దు వద్దని కంగారుపడ్డారు. కూర్చున్నాక చూస్తే, పిల్లల మాట అటుంచి, పెద్దవాళ్ళే అసలు కథ. తట్ట ఎత్తుకుని ఒకావిడ ఎక్కగానే ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన "వెనక్కమ్మా, వెనక్కి" అని చేత్తో సైగ చేశాడు. అందులో కోపం లేదు, ద్వేషం లేదు, గొడుగు పక్కకి పెట్టమన్నంత మామూలుగా చెప్పాడు. ఒక టీచరమ్మ చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుంది. పిల్లలు అదంతా చూస్తూనే ఉన్నారు. వాళ్ళు కొత్తగా కనిపెట్టిందేమీ లేదు, పెద్దవాళ్ళ దగ్గర నేర్చుకున్నదే కాస్త గట్టిగా చేశారు. నాకు ఒళ్ళు తెలియని కోపం వచ్చింది.

పడవ నడిపే సరంగు ఆ పిల్లకి స్వయానా చిన్నాన్న. "నువ్వు రోజూ చూస్తూ ఎలా ఊరుకున్నావయ్యా?" అని అడిగాను.

"పడవ పాటదారు గారి చేతిలో ఉందండి. నేను నోరు విప్పితే రేపు చుక్కాని దగ్గర ఇంకొకడు ఉంటాడండి" అన్నాడు తల దించుకుని.

ఇంటికొచ్చి గుమ్మం దాటగానే మా ఆయన ముక్కు ఎగబీల్చారు. "ఏంటీ కంపు? చేపలేమైనా తెచ్చావా?"

అప్పుడు వెలిగింది నాకు. నేను ఏ చేపనీ ముట్టుకోలేదు. ఆ బల్ల మీద ఏళ్ళ తరబడి తట్టల నీళ్ళు కారి కారి చెక్క నానిపోయింది, పైన ఇంజను పొగ. అక్కడ ఎవరు కూర్చున్నా అదే వాసన వస్తుంది, పాస్టరుగారు కూర్చున్నా వస్తుంది. వాసనొస్తుందని వెనక కూర్చోబెడతారు, వెనక కూర్చున్నందుకు వాసనొస్తుంది. ఆ పిల్లకి ఈ చిక్కుముడి ఎలా విప్పుకోవాలో తెలియక పాకలో కూర్చుని ఏడ్చింది. నేను మాత్రం చీర మార్చుకోకుండా అలాగే పంచాయతీ మీటింగుకి వెళ్ళాను.

మీటింగులో ఒక వార్డు మెంబరు గారు సలహా ఇచ్చారు, రేవులో ఒక కుళాయి వేయించి సబ్బు పెడదాం, చేపలవాళ్ళ పిల్లలు కడుక్కుని బడికి వెళ్తారు అని. ఆయనది మంచి ఉద్దేశమే. అందుకే నేను లేచి వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన కుర్చీ జరుపుకున్నారు.

"చూశారా, నేనూ కడుక్కోవాలాండీ? నేను కుట్టుపని చేస్తాను, చేపలమ్మను. ఇది మన పడవ బల్ల వాసన. కడగాల్సింది పిల్లల్ని కాదండి" అన్నాను.

ఆ తరవాత ఎవరూ సబ్బు మాట ఎత్తలేదు. హెడ్మాస్టారినీ, పంచాయతీ సెక్రటరీనీ కూర్చోబెట్టుకుని ఆ సాయంత్రమే పాట షరతులు రాశాం. ప్రతి ఏడూ ఉండే పాత షరతుల కింద కొత్తవి చేర్చాం. చేపల తట్టలు పెట్టడానికి బల్లల కింద రేకు అర కట్టించాలి. పడవలో ఎవరు ఎక్కడైనా కూర్చోవచ్చు, ఎవర్నీ లేపరాదు. బడిపిల్లల్లో ఎవర్ని ఎవరు ఏడిపించినా సరంగు అక్కడికక్కడే ఆపాలి, అదే రోజు హెడ్మాస్టారికీ పంచాయతీకీ చెప్పాలి. చెప్పినందుకు సరంగుని పనిలోంచి తీసేస్తే పాట రద్దు. హెడ్మాస్టారు తన వంతుగా, రేవు నుంచి కబురు వస్తే ఆ రోజే ఇద్దరు పిల్లల తల్లిదండ్రుల్నీ కూర్చోబెట్టి మాట్లాడతానని ఒప్పుకున్నారు. క్లాసుల్లో కూడా ఎవరి బెంచీ వాళ్ళకి సొంతం కాకుండా వారం వారం మారుస్తానన్నారు.

పాట రోజు పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేశారు. ఊరు ఊరంతా వచ్చింది. మా ఆయన అలవాటుగా పెద్ద కుర్చీ వైపు నడిచారు. నేను ముందే వెళ్ళి అందులో కూర్చున్నాను. ఆయన నిలబడిపోయారు. ఆయన మొహం చూస్తే నాకు జాలేసింది. మైకు తీసి ఆయన చేతికిచ్చాను.

"షరతులు మీరే చదవండి. రాసింది రాసినట్టు చదవండి. మీ సొంతం ఒక్క ముక్క కలిపినా ఊరుకోను" అన్నాను.

ఆయన గొంతు సవరించుకున్నారు. చెప్పకపోతే పాపం, ఎంత బాగా చదివారో! ఒక్కో షరతూ ఏటి అవతలికి వినపడేలా చదివారు. ఎవరు ఎక్కడైనా కూర్చోవచ్చు అన్నచోట ఒక్క క్షణం ఆగి, మళ్ళీ రెండోసారి చదివారు. అది మాత్రం ఆయన సొంతమే, అయినా క్షమించేశాను.

పాటదారు గారు నవ్వారు. ఆయన చుట్టూ కూర్చున్నవాళ్ళు కూడా నవ్వారు. "ఈ షరతులతో పడవ నడవదండి. ఇస్త్రీ బట్టలేసుకున్న ఉద్యోగస్తులు చేపల కంపులో కూర్చుంటారాండీ? అవి కొట్టేయించండి, పాడతాం. లేపోతే ఈ ఏడు పాటే ఉండదు" అని, మా ఆయన వైపు తిరిగి, "ఏంటండీ ప్రెసిడెంటు గారూ, ఇంట్లో కాస్త నచ్చజెప్పుకోలేకపోయారా?" అన్నారు.

మా ఆయన మైకులోనే జవాబు చెప్పారు. "నేను మైకు వరకేనండి."

షామియానా అంతా గొల్లున నవ్వింది. నేను లేచాను. "మీరంతా ఆదివారం బొమ్మిడాయి చేపల పులుసు వండించుకున్నప్పుడు గిన్నె వెనక గదిలో పెట్టి తింటున్నారాండీ? ముందు గదిలోనే కదా! పాట మొదలెడుతున్నాను, పాడేవాళ్ళు పాడండి" అన్నాను. ధైర్యంగానే అన్నాను గానీ లోపల భయమే. ఎవరూ పాడకపోతే రేవు మూతపడుతుంది, లంక పిల్లలెవరికీ బడి ఉండదు. ఒక్క పిల్ల కోసం అందరి నోట్లో మట్టి కొట్టిందనే పేరు నాకు మిగులుతుంది. సెక్రటరీ పిలిచాడు. ఎవరూ పలకలేదు. మళ్ళీ పిలిచాడు. పాటదారు గారు జేబులోంచి వక్కపొడి తీసి నెమ్మదిగా నోట్లో వేసుకున్నారు.

"మేం పాడతామండి" అని షామియానా బయట ఎండలోంచి వినపడింది.

ఆ పిల్ల తల్లి. ఆవిడ వెనక లంకలో చేపలమ్మే ఆడవాళ్ళ పొదుపు సంఘమంతా నిలబడి ఉంది.  వాళ్ళు అలా ఆలోచిస్తున్నారని నాకు ఎవరూ చెప్పలేదు.

"మీరా? పడవ ఎవరు నడుపుతారమ్మా?" అన్నారు పాటదారు గారు వెటకారంగా.

"ఇన్నేళ్ళూ మీ పడవ నడిపింది మా మగాళ్ళే కదండీ. పడవకేం తెలుసండి పాట ఎవరిదో" అంది ఆవిడ.

పాటదారు గారికి అప్పుడు పౌరుషం పొడుచుకొచ్చింది. ఆయనా పాడటం మొదలెట్టారు. పడవ నడవదని తాను అన్న షరతుల మీదే ఆయన ధర పెంచుకుంటూ పోతుంటే హెడ్మాస్టారు నావైపు చూసి మీసాల్లో నవ్వుకున్నారు. వీళ్ళు ఒక మాట, ఆయన ఒక మాట. ప్రతి మాటకీ ముందు ఆడవాళ్ళంతా తలలు దగ్గర పెట్టి గుసగుసలాడుకునేవారు. చివరికి ఆయన విసుక్కుని, "తీసుకోండి, నెల తిరక్కుండా నా దగ్గరికే వస్తారు" అని చెయ్యి ఊపేశారు. సెక్రటరీ మూడోసారి పిలిచి బల్ల మీద గట్టిగా కొట్టాడు. రేవు పాట చేపలవాళ్ళ సంఘానిది! నేను ఈలొక్కటే వెయ్యలేదు. మా ఆయన వేశారు, అదీ మైకులో.

కొత్త పాట మొదలైన రోజుకి వాళ్ళు చేసిన మొదటి పని వెనక బల్ల పీకేయడం. చెక్క ఎంత నానిపోయిందంటే మేకులు చేత్తోనే ఊడి వచ్చాయట. దాని స్థానంలో కొత్త చెక్క వేసి, అన్ని బల్లల కింద రేకు అరలు కట్టించారు. మొదటి పొద్దున నేను రేవులో నిలబడి చూశాను. పడవలో పెద్దవాళ్ళకి ఎక్కడ కూర్చోవాలో తెలియక సగం మంది నిలబడే ఏరు దాటారు. ఇస్త్రీ చొక్కా ఆయన అయితే సొంత ఊళ్ళో దారి తప్పినట్టు దిక్కులు చూశాడు. వారం తిరక్కుండా ఇంజను మొరాయించింది, డీజిలు మరకలతో ఆడవాళ్ళు నానా తంటాలు పడ్డారు. అయినా వాళ్ళు పాటదారు గారి గుమ్మం తొక్కలేదు.

ఆ పిల్ల మాత్రం రాలేదు. షెడ్డుకీ వెళ్ళలేదు, బడికీ రాలేదు. నేను లంకకి వెళ్ళి పిలిచాను. "మైకులో తిప్పారు కదండీ, నేను రానండి" అని తలుపు చాటునుంచే జవాబు. పరీక్షలు దగ్గరికొచ్చేశాయి. పాట గెలిచిన ఆనందమంతా ఆ తలుపు దగ్గర ఆవిరైపోయింది. ఎవరి కోసం ఇదంతా చేశామో ఆ పిల్లే పడవలో లేకపోతే ఏం గెలిచినట్టు?

ఆ ముడి విప్పింది సరంగు. ఒంటిపూట బడుల రోజులవి. పొద్దున్న పడవలో, తట్టతో ఒకావిడ ముందు బల్ల మీద కూర్చోగానే ఒక కుర్రాడు పాత అలవాటు కొద్దీ ముక్కు మూసుకున్నాడు. సెంటు డబ్బా కుర్రాడే.  సరంగు ఏటి నడిమధ్యలో ఇంజను ఆపేశాడు. పడవ నిశ్శబ్దంగా తేలుతోంది.

"ఏమైందయ్యా?" అని అందరూ అడిగారు.

"ఎవరికో ముక్కు నొప్పి వచ్చినట్టుందండి. తగ్గాక వెళ్దాం" అన్నాడు చుక్కాని మీద చెయ్యి వేసుకుని.

ఉద్యోగస్తులకి పాలకొల్లు బస్సు పోతుంది. చేపలవాళ్ళకి బేరం పోతుంది. పిల్లలకి బడి గంట కొడుతుంది. అందరూ ఆ కుర్రాడి వైపు తిరిగారు. "తియ్యరా చెయ్యి!" అని మొట్టమొదట అరిచింది ఇస్త్రీ చొక్కా ఆయనేనట. కుర్రాడు చెయ్యి తీసి, ఆ చేతినే ఏం చెయ్యాలో తెలియక తొడ కింద పెట్టుకున్నాడు. సరంగు ఇంజను వేశాడు. హెడ్మాస్టారు ఆ రోజు ఆలస్యంగా వచ్చిన పిల్లల్ని ఒక్క మాట అనలేదు. మధ్యాహ్నం సెంటు కుర్రాడి నాన్నని పిలిపించి, మాట్లాడి పంపారు. అప్పటినుంచీ ఆ పడవలో ముక్కు మూసుకునే ధైర్యం జలుబు చేసినవాళ్ళకి కూడా లేదు.

ఆ కథ సాయంత్రానికి లంకంతా పాకింది. తల్లి ఇంట్లో సరంగు గొంతుతో, కుర్రాడి మొహంతో చేసి చూపిస్తుంటే ఆ పిల్ల పొట్ట పట్టుకుని నవ్విందట. చాలా రోజుల తరవాత నవ్విందని తల్లి నాకు ఫోన్ చేసి చెప్పింది. "రేపు వస్తానంటోందండి" అంది. నేను ఫోన్ పెట్టేసి వంటింట్లో కాసేపు ఏడ్చాను.

మర్నాడు నేనూ మా ఆయనా తెల్లారగానే లంకకి వెళ్ళి, ఆ పడవే ఎక్కాం. ఆయన రానక్కర్లేదు, కానీ వస్తానన్నారు. ఆ పిల్ల నేనిచ్చిన కొత్త యూనిఫారంలో వచ్చింది. పడవ అంచున ఒక్క క్షణం ఆగింది. ముందు బల్ల మీద కూర్చున్న పిల్లలు జరిగారు. ఈసారి దూరంగా కాదు, చోటు ఇవ్వడానికి. ఫోన్లో వీడియో తీసిన అమ్మాయి తన సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఈ పిల్ల వెళ్ళి ఆ చోటులో కూర్చుంది.  నేను నీళ్ళ వైపు చూస్తూ కూర్చున్నాను.

పడవ సగం దాటింది. ఇంజను చప్పుడుని మించి ఒక గొంతు గట్టిగా వినపడింది.

"ప్రెసిడెంటు గారూ!"

నా పక్కన మా ఆయన వెంటనే వెనక్కి తిరిగారు. "ఆఁ, ఏంటమ్మా?"

"మిమ్మల్ని కాదండి. ఆవిణ్ణి" అంది ఆ పిల్ల.

పడవంతా పగలబడి నవ్వింది. సరంగు నవ్వాడు, చేపలవాళ్ళు నవ్వారు, ఇస్త్రీ చొక్కా ఆయన నవ్వాడు, చివరికి మా ఆయన కూడా చెవులు ఎర్రబడి నవ్వారు. 

"చెప్పమ్మా" అన్నాను.

"వచ్చే ఏడు పదో క్లాసుకి సాయంత్రం స్పెషల్ క్లాసులుంటాయంటండి. ఆఖరి పడవ ముందే వెళ్ళిపోతుంది. మా క్లాసులు అయ్యేదాకా అది ఆగాలండి. షరతుల్లో రాయిస్తారా?"

"పడవ మీ అమ్మదే కదమ్మా, ఆవిణ్ణి అడగొచ్చుగా?"

"అమ్మ ప్రెసిడెంటు గారిని అడగమందండి."

"రాయిస్తాను" అన్నాను. మా ఆయన అప్పటికే గొంతు సవరించుకోవడం మొదలెట్టారు.